ప్రేమమణికి పడ్డ ఐదో మాట

ప్రేమమణి మనిషి మంచిదే, నోటికే తలుపు లేదు. ఈ సంగతి కార్ఖాన గల్లీల అందరికీ ఎరుకే, ఆమెకు సుత ఎరుకే. ముప్పై ఏండ్లు ఒక్కటే బడిల ఆయమ్మగ చేసింది. పొద్దుగాల పోంగనే నీళ్ల డ్రమ్ము నింపుడు, గిలాసలు కడుగుడు, పిల్లలకు నీళ్లు తాపుడు, మూతులు తుడుసుడు. రిటైరైన రోజు పెద్దసారు శాలువ కప్పి, "రెండు మాటలు చెప్పమ్మా" అన్నడు. "రెండెందుకు సారూ, ఒక్కటే చెప్త. నల్లా వాషర్ పోయింది, మార్పియ్యుండ్రి" అని కూసున్నది. అందరు నవ్విన్రు. వాషర్ మాత్రం ఇప్పటికీ మార్చలేదంట.

ఇప్పుడు ఆమెకు అరవై నాలుగేండ్లు. పెనిమిటి పోయి ఎనిమిదేండ్లాయె. సదువు నాలుగో తరగతి, అది సుత నడుమల ఆగింది. బైబిల్ వాక్యం వేలు పెట్టి చదువుతది. పాటలైతే పుస్తకం లేకుండనే మూడు వందలు వస్తయి.

చర్చిల సుత ఆమె జాగ మారదు. వెనక తలుపు పక్కన, చెప్పుల కుప్ప చేతికందే కాడ. అక్కడికెళ్లి చూస్తే లోకం మొత్తం కనవడతది. ఎవరి చెప్పులు కొత్తయి, ఎవరు ఆలస్యంగ వచ్చి ముందట నుంచి ఉన్నట్టు మొఖం పెడతరు, కానుకల సంచి వచ్చే టయానికి ఎవరికి దగ్గు లేస్తది, అన్నీ.

మంచి శుక్రవారం వచ్చిందంటే అందరికన్న ఎక్కువ పని ఆమెదే. ఆ రోజు ఆరాధన పగలు పన్నెండు గొట్టంగ షురువై మూడింటిదాంక నడుస్తది. సిలువ మీద యేసయ్య పానం ఇడిసే ముందట ఏడు మాటలన్నడు గదా, ఒక్కో మాట మీద ఒక్కో మనిషి లేచి చెప్తడు. నడుమ నడుమ పాట. అన్నీ ఒడిసేదాంక ఎవ్వరు అన్నం ముట్టరు, నీళ్లు సుత ముట్టరు. ఏప్రిల్ ఎండ, మీద రేకులు, అందరివీ తెల్లబట్టలు. మూడు గొట్టినంక బయట వేపచెట్టు కింద మజ్జిగ పోస్తరు. ఆ మజ్జిగ ప్రేమమణిది. రెండు పెద్ద స్టీలు డ్రమ్ములు, అల్లం, పచ్చిమిరపకాయ, కొత్తిమీర, జెర ఉప్పు ఎక్కువ.

ఏడు మాటలకు గిరాకీ ఒక్క తీరుగ ఉండదు. రెండో మాటకు మస్తు గిరాకీ. పక్క సిలువ మీదున్న దొంగకు యేసయ్య పరదైసు ఇస్తనన్న మాట అది. దాంట్ల కథ ఉన్నది, దొంగ ఉన్నడు, ఆఖరికి జనాన్ని ఏడిపియ్యొచ్చు. నాలుగోది, దేవుడా నన్నెందుకు ఇడిసినవని అడిగిన మాట, ఎవ్వరికీ వద్దు, కష్టం. ఐదోది చిన్నది. దాహమైతున్నదన్నడు, గంతే. చిన్నదని ఏటా దాన్ని స్త్రీల సమాజం చేతుల పెడతరు.

రెండో మాట పందొమ్మిదేండ్ల సంది ఆర్థర్ సారుది. ఆర్థర్ సారంటే ప్రేమమణికి తోడబుట్టిన అన్న. డెబ్బై ఒకటి నడుస్తున్నది. హెడ్మాస్టరు చేసి రిటైరైండు, ఇంట్ల ఉత్తగ కూసున్నా ఇస్త్రీ అంగి ఇప్పడు. మాట సుత ఇస్త్రీ చేసినట్టే ఉంటది. ఆయన చెప్పేది ఏటా ఒక్కటే. ఏ కాడ గొంతు వణుకుతదో, ఏ కాడ కండ్లద్దాలు తీస్తడో కూసున్నోళ్లకు ఎరుకే. ఆఖరుకు దొంగను ఇడిసిపెట్టి తమ తాత మీదికొస్తడు. "మా తాతగారు ఒకనాడు తమ పొలము గట్టున నడుచుచుండగా, ఆకాశమున గొప్ప వెలుగు ప్రకాశించెను." ఆ వెలుగు చూసి తాత మోకాళ్ల మీద పడ్డడు, అట్ల మా ఇంటికి క్రీస్తు వచ్చిండు, అని ముగిస్తడు. ముసలోళ్లు కండ్లు తుడుసుకుంటరు.

వెనక తలుపు కాడ ప్రేమమణి కొంగు నోట్ల కుక్కుకుంటది. ఏడుపు కాదు, నవ్వు. తాతకు పొలమే లేదు, గట్టెక్కడికెళ్లి వచ్చింది?

అసలు సంగతి ఆమెకు ఎరుక. వాళ్ల ఇంట్లకు యేసయ్యను తోల్కొచ్చింది తాత కాదు, నాయినమ్మ మార్తమ్మ. అదీ వెలుగు చూసి కాదు, ఒక ఇత్తడి గిలాస దొంగతనం చేసి. తాతైతే మూడేండ్ల తర్వాత వచ్చిండు. ఆదివారం పూట ఇంట్ల పొయ్యి ముట్టిచ్చేటోళ్లు లేక, పెండ్లాం యాడికి పోతున్నదో చూద్దామని ఎనక ఎనకనే వచ్చిండు. ఈ ముచ్చట ప్రేమమణి నాలుగైదు మార్లు అన్నకు చెప్పబోయింది. 'దొంగతనం' కాడికి రాంగనే ఆయన చెయ్యి లేపుతడు. ఆ చెయ్యి లేస్తే ఐదు వందల మంది పిల్లలు గప్‌చుప్ అయ్యేటోళ్లు. చెల్లె సుత అయ్యేది.

ఈ ఏడు మంచి శుక్రవారం ముందటి మట్టలాదివారం ఆరాధన అయినంక కమిటీ కూసున్నది. పాస్టరు యేసురాజు కొత్తోడు, గుంటూరు దిక్కుకెళ్లి వచ్చి ఏడాది కాలేదు. స్త్రీల సమాజం పెద్ద దేవకృపమ్మ దవడపన్ను పీకిపిచ్చుకొని, మూతి ఒక దిక్కు వాసి, తువ్వాల అడ్డం పెట్టుకున్నది. ఐదో మాట తనతోని కాదని చేతులూపే చెప్పింది.

"మరి ఎవరు చెప్తారమ్మా?" అన్నడు పాస్టరు.

స్త్రీల సమాజం మొత్తం నేల దిక్కు చూసింది. ఒక్క ప్రేమమణే దేవకృపమ్మ మూతి దిక్కు చూస్తున్నది. గదే ఆమె చేసిన తప్పు. తల పైకున్నది ఆమెదొక్కతిదే.

"ప్రేమమణిగారూ, మీరు చెప్పండి."

"నేనా? నేను మజ్జిగ మనిషిని అయ్యగారూ."

"మంచిదేగా అమ్మా. దాహం సంగతి మీకంటే ఎవరికి తెలుసు?"

సెక్రటరీ ఐజాక్ కలం తీసిండు. ఆయన రాసుకున్నడంటే అయిపోయినట్టే. ఆర్థర్ సారు గొంతు సవరించుకున్నడు. "అయ్యగారూ, మా చెల్లెలు ఎప్పుడూ పుల్‌పిట్ ఎక్కి మాట్లాడలేదు. చదువు కూడా..." అని ఆపిండు.

"చదువు సుత?" అన్నది ప్రేమమణి.

"చదువు కూడా... తక్కువ."

అప్పటిదాంక ఎట్ల తప్పిచ్చుకోవాల్నా అని చూస్తున్న ప్రేమమణి, చటుక్కున తిరిగింది. "రాసుకో ఐజాకన్నా. నేనే చెప్త."

చెప్పుడైతే చెప్పింది, ఇంటికి పోంగనే తలుపు గడి పెట్టుకున్నది. మంచం మీద కూసొని పెద్ద గిలాసెడు నీళ్లు తాగింది. నవ్వులాట కాదిది. ఆ చర్చిల నాయినమ్మ పేరు ఎవరి నోట్లకెళ్లి రాలే. ఏటా తాత, ఏటా వెలుగు. ముసల్ది బతికున్నన్ని దినాలు ఆ చర్చి ఊడ్చింది, బెంచీలు తుడిసింది, ఆఖరికి కండ్లు పోయినంక సుత గోడ పట్టుకుంట వచ్చి కూసున్నది. ఒక్కపారన్న ఆ మైకుల ఆమె పేరు ఇనవడాలె. మళ్ల గిసుంటి మోక రాదు. వచ్చే ఏటికి దేవకృపమ్మ దవడ మానుతది.

మంగళవారం సాయంత్రం ఆర్థర్ సారు స్కూటరేసుకొని వచ్చిండు. చేతిల ఫైలు. ఫైల్ల నాలుగు కాగితాలు, పెద్ద పెద్ద అక్షరాలు, యాడ ఆగాల్నో ఆడ ఎర్ర గీత.

"ప్రేమా, ఇది చదువు. ఒక్క అక్షరం కూడా జారిపోకూడదు."

ఆమె వేలు పెట్టి మొదటి గీత చదివింది. "ప్రియ... సంఘమా... శారీరక దాహమునకును, ఆత్మీయ దాహమునకును గల తార... తారత..." ఆగి అన్న మొఖం చూసింది. "అన్నా, ఇది చదివేటాళ్లకు నాకు నిజంగనే దాహమైతది."

"వేళాకోళం వద్దు. పెద్దలుంటారు. ఫోన్లలో వీడియోలు తీస్తారు."

"నాయినమ్మ ముచ్చట చెప్తనే. ఐదో మాటకు అది మంచిగ..."

చెయ్యి లేచింది.

"ఆ వంటింటి కథలు పుల్‌పిట్ మీద వద్దు. పందొమ్మిదేళ్లుగా నేనొకటి చెప్తున్నాను. నువ్వొక్కరోజు ఎక్కి ఇంకొకటి చెప్తావు. ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరు అవుతారు కదా?"

"అవును, ఒకరైతరు" అన్నది ప్రేమమణి.

ఆర్థర్ సారు చాయ్ సగం తాగి లేచిండు. గేటు కాడ ఆగి, స్కూటర్ అద్దం సరిచేసుకుంటనే, "ఆ కాగితం చదవకపోతే ఈస్టరు నాడు మా ఇంటికి భోజనానికి రావద్దు" అన్నడు. అన్నడు గానీ చెల్లె మొఖం దిక్కు చూడలే.

ఈస్టరు భోజనమంటే ఉత్త భోజనం కాదు. అవ్వ, నాయిన పోయినంక వాళ్లిద్దరే మిగిలిన్రు. ఏడాది మొత్తం ఎంత లొల్లి చేసుకున్నా ఈస్టరు నాడు ఒక్క పళ్లెం ముందట కూసుంటరు. వదిన మటన్ వండుతది, ప్రేమమణి ఉప్పు చాల్లేదంటది, అన్న చాలిందంటడు. నలభై ఏండ్ల సంది గదే మాట. ఆ రాత్రి ప్రేమమణి నాలుగు కాగితాలు మూడుమార్లు చదువుకున్నది. మూడోమారుకు 'తారతమ్యము' దాటింది.

గురువారం పొద్దుగాల మోండా మార్కెట్‌కు పోయింది. ఎంబడి రజిత. పక్కింటి పిల్ల, బట్టలు కుడతది. వాళ్ల ఇంట్ల ఎల్లమ్మను కొలుస్తరు. కొత్తిమీర బేరం చేసుట్ల మాత్రం రజితను మించినోళ్లు లేరని ప్రేమమణి ఏటా ఆమెనే తోల్కపోతది.

"పెద్దమ్మా, ఒక మాటడిగితే కోపం రాదు గదా?"

"వస్తది. అడుగు."

"మీ దేవుడు తెల్లోడు గదా. ఇంగ్లీషోళ్లు తెచ్చిన్రు గదా. మీరెందుకు పట్టుకున్నరు?"

ప్రేమమణి కొత్తిమీర కట్ట ముక్కు కాడ పెట్టుకున్నది. "తెల్లోడెందుకైతడే? క్యాలెండర్ల అట్ల గీసిన్రు గానీ, ఆయన కొయ్యపని చేసే వడ్లోళ్ల ఇంట్ల పెరిగిండు. అది తెల్లోళ్ల దేశం గాదు, ఖర్జూరపండ్లు పండే దిక్కు. మొదలు ఆయనెంబడి తిరిగిందెవరు? చేపలు పట్టేటోళ్లు, పన్నులు వసూలు చేసెటోడు, ఊరు ఎలేసిన ఆడోళ్లు. పెద్దమనిషి ఒక్కడు లేడు. అప్పటికి ఇంగ్లీషోళ్లకు ఈ ముచ్చటే తెల్వది. వాళ్ల కన్న ముందు మన కేరళ దిక్కోళ్లకు తెలిసిందని మా పాత పాస్టరయ్య చెప్తుండె."

"అట్లనా? మరి ఆ మొదటోళ్లు ఎందుకు నమ్మిన్రు?"

"ఒక్కొక్కళ్లది ఒక్కొక్క కత. కొందరు రొట్టెలు పంచిండని వచ్చిన్రు. కొందరు జరం తగ్గిచ్చిండని. ఇద్దరు అన్నదమ్ములైతే పక్క పక్క కుర్చీలు ఇప్పియ్యమని తల్లిని సిఫారసుకు పంపిన్రు."

"మన కార్పొరేటరు కాడికి పోయినట్టేనాయె."

"గట్లనే. అందరు దేవుడని వచ్చినోళ్లు కాదే. వచ్చినంక నిలబడ్డోళ్లు."

రజిత రెండు కట్టలు ఎక్కువ ఇప్పిచ్చుకొని సంచిల ఏసింది. "మరి మీ ఇంట్లోళ్లు ఎందుకొచ్చిన్రు పెద్దమ్మా?"

ప్రేమమణి ఎటో చూసింది. "రేపు మధ్యానం చర్చికి రా. చెప్తనో, కాగితం చదువుతనో, నాకే తెల్వదు."

శుక్రవారం ఏడు కుర్చీలు ముందట ఏసిన్రు. ముప్పై ఏండ్లల్ల మొదటిసారి ప్రేమమణి జనం దిక్కు మొఖం పెట్టి కూసున్నది. ఎనక్కు తిరిగి బండిల కూసున్నట్టున్నది ఆమెకు. మజ్జిగ డ్రమ్ములు ఎవరన్న కలుపుతున్నరో లేదో అని కండ్లన్నీ బయటనే. తెల్లచీర, ఒళ్లె పాటల పుస్తకం, పుస్తకంల నాలుగు కాగితాలు. వెనక తలుపు కాడ, ఆమె జాగల రజిత కూసున్నది.

ఒక్కో మాటకు పది, పదిహేను నిమిషాలని లెక్క. ఎక్కువైతే ఐజాక్ చిన్న ఇత్తడి గంట కొడతడు. మొదటి మాట మంచిగనే ఒడిసింది. రెండో మాటకు ఆర్థర్ సారు లేచిండు. పదిహేను నిమిషాలకు ఐజాక్ గంట కొట్టిండు. కొట్టుడంటే ఏం కొట్టుడు, ఎలుక తోకకు కట్టినట్టు ఒక్క టింగు. ఎందుకంటే ఐజాక్ ఆయన కాడ ఏడో తరగతి చదివినోడు. సారు కండ్లద్దాల మీదికెళ్లి చూసిండు, గంట మళ్ల మాట్లాడలే. దొంగ పశ్చాత్తాపపడ్డడు, గొంతు వణికింది, అద్దాలు ఊడినయ్, తాత గట్టెక్కిండు, వెలుగు వచ్చింది. యాభై నిమిషాలు. వెలుగు ఈసారి జెర ఎక్కువసేపే ఉన్నది. చెల్లె మర్షిపోవద్దని కావొచ్చు.

మూడోది ఒడిసింది. నాలుగో మాటకు కాలేజీ పిలగాడొకడు లేచి, ఎవరికీ సమజ్ కాని మాటను ఇంకింత సమజ్ కాకుండ చేసి దిగిండు. గోడ గడియారంల రెండుంబావు దాటింది. విసనకర్రలు, పాటల పుస్తకాలు, పెండ్లి కార్డులు, ఏది దొరికితే దాంతోని జనం గాలి విసురుకుంటున్నరు.

"ఐదవ మాట, సహోదరి ప్రేమమణి" అన్నడు పాస్టరు.

ఆమె లేచి మైకు కాడికి పోయింది. మైకు నుదురు కాడికొచ్చింది. పాస్టరు కిందికి గుంజుకుంట, చెవిల మెల్లగ, "అమ్మా, ఏమీ అనుకోవద్దు, టైమ్ అయిపోయింది. ఐదు నిమిషాల్లో ముగించండి" అన్నడు.

ప్రేమమణి నాలుగు కాగితాలు తెరిసింది. అక్షరాలు చూసింది. గడియారం చూసింది. అన్న దిక్కు చూసింది.

"అందరికి వందనాలు" అన్నది. గొంతు పెద్దగొచ్చేసరికి ఆమెనే ఉలిక్కిపడ్డది. "మా అన్న నాకు నాలుగు కాగితాలు రాసిచ్చిండు. మంచిగ రాసిండు. చదవనీకి పదిహేను నిమిషాలు కావాలె. అయ్యగారేమో ఐదే ఉన్నయంటున్నరు. మిగిలిన పది ఎవరు తిన్నరో నేను చెప్ప."

వెనకకెళ్లి ఎవరో ఫక్కున నవ్విన్రు. మంచి శుక్రవారం నాడు ఆ చర్చిల నవ్వు ఇనవడలే ఇప్పటిదాంక.

ఆర్థర్ సారు చెయ్యి మోకాలి మీదికెళ్లి జెర పైకి లేచింది. ప్రేమమణికి ఈస్టరు పళ్లెం కండ్ల ముందటికొచ్చింది, వదిన, మటన్, నలభై ఏండ్లు. కాగితం దిక్కు ఒంగి, "ప్రియ సంఘమా" అని చదివింది. అక్కడ ఎర్ర గీత, ఆగాలె. ఆగింది. ఆ ఆగిన కాడ ఆమెకు ఊకెనే నాయినమ్మ యాదికొచ్చింది. గోడ పట్టుకుంట వచ్చి, కండ్లు కనవడకున్నా మొదటి బెంచీ తడిమి తుడిసి కూసునే నాయినమ్మ.

కాగితాలు మడిసి పుస్తకంల పెట్టింది.

"అందరికీ దాహమైతున్నదా?" అన్నది. "నేను ముప్పై ఏండ్లు ఆ ఎనక తలుపు కాడ కూసున్న. మూడో మాట కాంగనే నల్లా కాడికి ఎవరు పోతరో నాకెరుక. గంట కొట్టెటోళ్లు సుత లోపలి అర్రల సీసా లేపుతరు. పేర్లు చెప్ప."

ఐజాక్ గంటను ఒళ్లెకు జరుపుకున్నడు.

"తప్పు గాదు. దాహం గసుంటిది. మూడు గంటలకే మనం గిట్లున్నం. మా నాయినమ్మ ఇరవై రెండేండ్లు గట్లనే బతికింది. ఆమె పేరు మార్తమ్మ. అంతకుముందు సాయవ్వ. బొల్లారంల మిలిటరీ పల్టన్ గుర్రాలకు గడ్డి కోసి మోపు మోసేది. ఊరి బాయి కాడ మమ్ములను ముట్టనియ్యకపోదురు. గట్టు కింద నిలబడి, ఎవరన్న చేదుతె, పైకెళ్లి పోస్తె, దోసిలి పట్టి తాగాలె. సగం నోట్లకు, సగం రైక మీదికి. పొయ్యకుంటె లేదు. ఒకనాడు ఎండల మోపు దించి ఇగో ఈ కంపౌండుల కూలబడ్డది. గిక్కడ పనిచేసే ఒకామె గిలాస నిండ నీళ్లు తెచ్చింది. తెల్ల దొరసాని గాదు, మనామెనే, నా అంత నల్లగుండెనంట. మా నాయినమ్మ అలవాటు కొద్ది దోసిలి పట్టింది. ఆమె దోసిట్ల పొయ్యలే. గిలాసనే చేతిల పెట్టి లోపలికి పోయింది."

విసనకర్రలు ఆగినయ్.

"మా నాయినమ్మ నీళ్లు తాగింది. గిలాసను అటిటు తిప్పి చూసింది. గడ్డి మోపుల దోపుకొని ఇంటికి పోయింది."

ఈసారి ముందట బెంచీలోళ్లు సుత నవ్విన్రు.

"దొంగతనమే. నేను అబద్ధమాడ. మూడు దినాలు జొన్నల కుండల దాసింది. నిద్ర లేదు, పోలీసులొస్తరని భయం. నాలుగోనాడు తీస్కపోయి ఇచ్చింది. వాళ్లు తిట్టలే. ఎందుకు తీస్కపోయినవని సుత అడగలే. మళ్ల నీళ్లు నింపి మళ్ల చేతిల పెట్టిన్రు. 'తిట్టి ఉంటే మళ్ల పోకపోదును బిడ్డా' అంటుండె నాయినమ్మ. గట్ల పోంగ పోంగ ఒక మంచి శుక్రవారం వచ్చింది. ఏడు మాటలు చెప్పిన్రు. ఆమెకు ఏం సమజ్ గాలే. ఐదోది ఒక్కటే సమజైంది. దాహమైతున్నదని అడిగిండంట, పుల్లటి సిర్కా ఇచ్చిన్రంట. నాయినమ్మ పక్కామెను గోకి అడిగింది, 'ఈయనకు సుత నీళ్లియ్యలేదా? ఈయన సుత మనోడేనా?' అని. గంతే. మనోడే అనుకున్నది, పట్టుకున్నది. సచ్చేదాంక ఇడువలే."

ఆమె గడియారం చూసింది. "గంట కొట్టు ఐజాకన్నా. అయిపోయింది."

ఐజాక్ కొట్టలే. ఆమెనే దిగి పోయి కుర్చీల కూసున్నది. అన్న దిక్కు చూడనీకి ధైర్యం చాల్లే. ఆరో మాట, ఏడో మాట ఎవరేం చెప్పిన్రో ఆమె చెవికెక్కలే.

మూడు గొట్టంగనే ఆమె మొదలు ఉరికింది డ్రమ్ముల కాడికే. మజ్జిగ కలిపి, ఉప్పు చూసి, గంటె పట్టేసరికి లైను గేటుదాంక పోయింది. దేవకృపమ్మ ముందటికొచ్చి, వాసిన మూతితోనే చెవిల చెప్పింది. "మా తాత మిషనోళ్ల హాస్టల్ల గుడ్డు పెడతరని వచ్చిండే. ఎవరికీ చెప్పకు." వెనకున్న ఐజాక్, "మా ముత్తాత పాటలు పాడే పిల్లను చూడనీకి వచ్చిండు. ఆ పిల్లే మా ముత్తవ్వ" అని గిలాస అందుకున్నడు. పాస్టరు సుత లైన్ల నిలబడి వచ్చిండు. "మా నాన్నచేత సారా మాన్పించాలని మా అమ్మ లాక్కొచ్చిందమ్మా. మానడానికి పదకొండేళ్లు పట్టింది."

"మధ్యల దేవుడు సుత బేజారైండో ఏమో" అన్నది ప్రేమమణి.

రజిత వచ్చింది. గిలాస తీసుకోకుండ అట్లనే నిలబడ్డది. "పెద్దమ్మా, మా అవ్వోళ్లు ఊర్ల బాయి కాడ పైకెళ్లి నీళ్లు పోసెటోళ్లే."

"ఎరుకే బిడ్డా." ప్రేమమణి నిండు గిలాస ఆమె చేతిల పెట్టింది. "ఉప్పు ఎక్కువైందా చెప్పు."

"జెర ఎక్కువైంది."

"ఏటా గింతే ఏస్త. తాగు."

గప్పుడు ఆర్థర్ సారు వచ్చిండు. లైన్ల నిలబడలే, పక్కకెళ్లి వచ్చిండు. జనం జాగిచ్చిన్రు, జెర గుసగుసలాడిన్రు. తిట్లు పడతయని ప్రేమమణి గంటె గట్టిగ పట్టుకున్నది.

"నాయనమ్మ ఇది నాకెందుకు చెప్పలేదు?" అన్నడు.

ఆమె అనుకున్న మాట ఇది కాదు. అన్న మొఖం చూసింది. కోపం లేదు. మార్కులు తక్కువొచ్చిన పిలగాని మొఖమున్నది.

"నువ్వు హాస్టల్ల ఉంటివి అన్నా. నాయినమ్మకు కండ్లు పోంగనే నన్ను నాలుగో తరగతిల బడి మాన్పిచ్చి ఆమె కాడ కూసోబెట్టిరి. పగలంత ఆమె, నేను. ఇంకేం చేస్తది, చెప్పింది."

ఆర్థర్ సారు కండ్లద్దాలు తీసిండు. తుడవలే, ఉత్తగ పట్టుకున్నడు. "చదువు తక్కువ అన్నాను మొన్న. నలుగురిలో."

"అన్నవ్."

"అనకుండా ఉండాల్సింది."

"అంటివి కాబట్టే నేను పుల్‌పిట్ ఎక్కిన. లేకుంటె ఎక్కకపోదును" అన్నది ప్రేమమణి. "సరే గానీ, ఆదివారం భోజనమున్నదా, నా మటన్ నేనే తెచ్చుకోవాల్నా?"

"మీ వదిన ఒక్కతే చేసుకోలేదు. పొద్దున్నే వచ్చి వండు."

"ఉప్పు నేనే ఏస్త."

"వేసుకో." ఆయన కదలలే. "సెలవులకు వచ్చినప్పుడైనా చెప్పొచ్చు కదా నాకు" అన్నడు.

"వస్తె నీ లెక్కలు, నీ ఇంగ్లీషు. నువ్వు మాట్లాడుతుంటె ఇననీకే ఆమెకు మస్తు సంబురం. నడుమల అడ్డమొస్తదా?"

"ఇంకా ఏం చెప్పింది?"

"మస్తు చెప్పింది."

"చెప్పు."

"లైను చూసినవా? ఈ గంటె పట్టు. నువ్వు పోస్తుంటె నేను చెప్త."

ఆర్థర్ సారు అటిటు చూసిండు. ఇస్త్రీ అంగి చేతులు రెండు మడతలు పైకి మలుసుకొని గంటె అందుకున్నడు. బడిల చాక్‌పీసు తప్ప ఏం పట్టని చెయ్యి. మొదటి గిలాసకు సగం లోపల, సగం బయట. రెండోదానికి సగమే పోసిండు.

"సారూ, ప్రసంగం నిండుగ ఇస్తిరి, మజ్జిగ సగమే ఇస్తరా?" అన్నది లైన్ల ఒకామె.

ఆయన నిండ పోసిండు. ప్రేమమణి స్టూలు గుంజుకొని, కాళ్లు చాపుకొని పక్కకు కూసున్నది. పొద్దుగాలకెళ్లి గిప్పుడే నిమ్మలంగ కూసోవుడు.

"ఇగ ఇను. బాప్తిస్మం ఇచ్చే రోజు నాయినమ్మ తొట్టి కాడిదాంక వచ్చి నీళ్లల్ల దిగనన్నదంట. పాస్టరయ్య బతిమాలిండు, పాట పాడేటోళ్లు రెండుమార్లు పాడిన్రు. దిగదు."

"ఎందుకు? భయమా?"

"భయం లేదు, ఏం లేదు. తాత మొదటిపారి కొత్త చీర కొన్నడు. దాన్ని తడుపనియ్యదు."

ఆర్థర్ సారు నవ్విండు. పెద్దగ, పొట్ట పట్టుకొని, వేపచెట్టు మీద కాకులు లేచేటట్టు నవ్విండు.

"సారూ" అన్నది లైన్ల ఇంకొకామె, చీర కుచ్చిళ్లు దులుపుకుంట, "గిలాసల పొయ్యుండ్రి, నా కాళ్ల మీద గాదు."